అమీబా రహిత జిల్లాలో మా నాన్న కాలేయం

మా జిల్లాలో అమీబాలు లేవు. ఈ సంగతి జిల్లా పొలిమేరలో, వంతెన దాటగానే, ఆకుపచ్చ బోర్డు మీద తెల్లటి అక్షరాలతో రాసి ఉంటుంది. 'అమీబా రహిత జిల్లాకు స్వాగతం.' కింద అమీబా బొమ్మ వేసి దాని మీద ఎర్రటి అడ్డగీత గీశారు. బొమ్మ వేసినాయనకు అమీబా ఎలా ఉంటుందో తెలియక నక్షత్రం వేశాడు. అందువల్ల మా జిల్లాలో నక్షత్రాలు కూడా ఉండవని పక్క జిల్లావాళ్లు కొంతకాలం అనుకున్నారు.

అమీబాలు లేవని కనిపెట్టినవాళ్లలో మా నాన్న ఒకడు.

నాన్న పేరు కూర్మారావు. జీలుగువలస పంచాయతీ మంచినీళ్ల ట్యాంకు ఆయన చేతి కింద ఉంటుంది. తెల్లారగానే మోటారు వేయడం, వాల్వు తిప్పడం, వారానికి రెండుసార్లు నిచ్చెనెక్కి బ్లీచింగ్ పొడి కలపడం ఆయన పని. రాతపని మాత్రం నాది. నాన్న సంతకం పెడతాడు గానీ మిగతా అక్షరాలంటే ఆయనకు మొహమాటం. నాకు మనుషులంటే మొహమాటం. అందుకని ట్యాంకు రిజిస్టరు నేను రాస్తాను, మనుషులతో మాటలు నాన్న చూసుకుంటాడు. ఇద్దరికీ హాయి.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా అమీబా నిర్మూలనాధికారి వేణుధరరావు గారి కార్యాలయం నుంచి ఒక ఫారం వచ్చింది. జిల్లాలో ఎన్ని ట్యాంకులుంటే అన్ని ఫారాలు. 'ట్యాంకు నిర్వాహకుడు స్వయముగా నిచ్చెనెక్కి, ట్యాంకులోనికి తొంగి చూచి, అమీబాలు కనబడినవో లేదో నిష్పక్షపాతముగా నమోదు చేయవలెను' అని ఉంది.

నాన్న ఫారం నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

"అమీబా అంటే ఏటి తల్లీ? ఎలగుంటాది?"

సైన్సు పుస్తకం తీసి చూపించాను. అందులో అమీబా సగం పేజీ ఉంది. నాన్న పుస్తకాన్ని వెలుతురులో పెట్టి, కాళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి, బొమ్మ మీద జాన వేసి కొలిచాడు.

"ఇంతుంటాదా?"

"బొమ్మ అంతుంది నాన్నా."

"ఇంత పెద్దదుంటే నాకు కనబడక ఎక్కడికి పోతాది?"

గురువారం పొద్దున్న ఆరింటికి ట్యాంకు ఎక్కాడు. ఒక కన్ను మూసి చూశాడు. రెండో కన్ను మూసి చూశాడు. వెదురుకర్రతో నీళ్లు కలియబెట్టి మళ్లీ చూశాడు. నేను కింద ఫారం పట్టుకుని నిలబడ్డాను.

"తల్లీ! కప్పొకటుంది! రాసీమంటావా?"

"కప్పల గురించి అడగలేదు నాన్నా!"

"అయితే ఏటీ లేదు! రాసీ!"

'అమీబాలు కనబడినవా?' అన్నచోట 'కనబడలేదు' అని రాశాను. అది నిజం. అమీబా కంటికి కనబడని సూక్ష్మజీవి అని నేను మూడు పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ ఫారంలో ఆ ప్రశ్న లేదు. అడిగినదానికి మాత్రమే జవాబు రాయాలని మా మాస్టారు చెప్పారు.

జిల్లా మొత్తం మీద పదకొండు వందల నలభై ట్యాంకులు. పదకొండు వందల నలభై ఫారాల్లోనూ 'కనబడలేదు' అనే వచ్చింది. ఇంత ఏకగ్రీవంగా ఏ విషయమూ ఇంతకుముందు తేలలేదని వేణుధరరావు గారు పత్రికల్లో చెప్పారు.

ఫారాలన్నిటిలో జీలుగువలస ఫారం దస్తూరీ చక్కగా ఉందని నాన్నను సత్కారానికి పిలిచారు. సత్కారం రాజధానిలో. నాన్న మా జిల్లా దాటడం అదే మొదటిసారి. జిల్లా అధికారులందరితో కలిసి ఏసీ బస్సులో వెళ్లి, కప్పిన శాలువాతో, అద్దం బిగించిన ప్రశంసాపత్రంతో తిరిగొచ్చాడు. శాలువా గురించి ఒక పూట చెప్పాడు. భోజనాల దగ్గర ఇచ్చిన మజ్జిగ గురించి వారం రోజులు చెప్పాడు.

"మజ్జిగలో ఐసుముక్కలే! గలగలలాడతన్నాయి! నాను మూడు గళాసులు లాగించీసినాను. వేణుధరరావు బాబు నా పక్కనే కూకుని ఐదు తాగినారు. పెద్దోళ్లు, ఓపికుంటాది."

ఆ తర్వాత జిల్లాలో పనులు చకచకా జరిగాయి. లేని అమీబాల కోసం పొడి దేనికని బ్లీచింగ్ పొడి ఆపేశారు. నాన్న రెండుసార్లు మండలానికి వెళ్లి అడిగితే, "ఉన్నాయని నీకేమైనా అనుమానమా?" అని గుమాస్తా అడిగాడట. శాలువా కప్పించుకున్న మనిషికి అనుమానం ఉండకూడదు కదా. నాన్న తిరిగొచ్చేశాడు. ఆస్పత్రుల్లో అమీబాకు వాడే మాత్రలు వెనక్కి పంపేశారు. మందుల దుకాణాల్లో అమ్మకూడదన్నారు. మందు కొనేవాళ్లుంటే రోగం ఉన్నట్టు అపోహ కలుగుతుందని ఉత్తర్వులో ఉంది. మా బడిలో అమీబా పాఠాన్ని సైన్సులోంచి తీసి సాంఘికశాస్త్రంలో చరిత్ర కింద చేర్చారు. త్రైమాసిక పరీక్షలో 'అమీబా ఏ కాలమున జీవించెను?' అని ఒక మార్కు ప్రశ్న వచ్చింది. నేను 'ఈ మధ్య వరకు' అని రాశాను. మార్కు వేశారు.

ఇలా జిల్లా సుఖంగా ఉండగా నాన్నకు జ్వరం వచ్చింది.

మొదట చలి, తర్వాత ఒళ్లంతా చెమట. మర్నాడు కుడివైపు డొక్కలో నొప్పి, కుడిభుజం దాకా పాకింది. నిచ్చెన ఎక్కలేకపోయాడు. అన్నం చూస్తే మొహం తిప్పుకున్నాడు. వారంలో చొక్కా వదులైపోయింది. అమ్మ ఆవిరి పట్టింది, కాపడం పెట్టింది, తిట్టింది. నాన్నకు ఏదీ పనిచేయలేదు.

"ఆ ట్యాంకు మీద ఎండలో కూకుంటే జొరం రాక సలవ పందిరి వస్తాదేటి? లెగు, ఆస్పత్రికి పోదాం" అంది.

జిల్లా ఆస్పత్రికి బస్సులో రెండు గంటలు. రోడ్డు మీద గోతి వచ్చినప్పుడల్లా నాన్న కుడి డొక్క రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మా రోడ్డు మీద నాన్న కళ్లు తెరిచి ఉన్న సమయం తక్కువ.

ఆస్పత్రిలో డాక్టర్ మాధురీలత గారని కొత్తగా వచ్చినావిడ చూశారు. పక్కటెముకల సందులో వేలితో ఒక చోట నొక్కారు. నాన్న వేసిన కేకకు బయట వరసలో ఉన్నవాళ్లు ఇద్దరు ఇంటికి వెళ్లిపోయారు. స్కానింగ్ చేయించారు.

"కాలేయంలో చీముగడ్డ ఉందమ్మా. కుడివైపు, ఒక్కటే. తొమ్మిది సెంటీమీటర్లు."

అమ్మ గోడకు ఆనుకుంది. "తగ్గుతాదా డాట్రమ్మా?"

"తగ్గుతుంది. కానీ ఇది రెండు రకాలు. ఒకటి బ్యాక్టీరియా వల్ల వస్తుంది. షుగరు ఉన్నవాళ్లకీ, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకీ ఎక్కువ. దానికి చీము తీసేసి వారాల తరబడి ఇంజెక్షన్లు చేయాలి. రెండోది అమీబా. మంచినీళ్లతో పేగులోకి పోయి, అక్కణ్ణుంచి రక్తంలో పడి కాలేయానికి చేరుతుంది. దానికి వేరే మాత్ర ఉంది. అది పడితే మూడు నాలుగు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఈయనకు షుగరు లేదు, రాళ్లు లేవు, గడ్డ ఒక్కటే ఉంది. నాకు అమీబాలాగే అనిపిస్తోంది."

మంచం మీంచి నాన్న చెయ్యెత్తాడు. "కాదు డాట్రమ్మా. అమీబా కాదు. నాను సూసినాను. లేదు."

డాక్టరు గారు కంప్యూటరులో రోగం పేరు కొట్టారు. 'అమీ' అనేసరికి పెట్టె ఎర్రబడింది. దాని బదులు తీసుకోమని 'అజీర్తి, అరికాలి ఆనెలు, అలసట' చూపించింది. డాక్టరు గారు మూడుసార్లు కొట్టారు. మూడోసారి గదిలోకి సూపరింటెండెంటు గారే వచ్చారు. ఆ మాట కొడితే ఆయన గదిలో గంట మోగేలా ఏర్పాటుందట.

"డాక్టర్ మాధురీలతా! మీరు రోగనిర్ధారణ చేస్తున్నారా, లేక ప్రభుత్వ ప్రకటనను పునఃపరిశీలిస్తున్నారా?"

"గడ్డ తొమ్మిది సెంటీమీటర్లుంది సార్. అమీబా రక్తపరీక్ష చేస్తే తేలిపోతుంది."

"ఆ పరీక్ష సామగ్రి వెనక్కి పంపాం. జిల్లాలో ఉనికిలో లేని జీవిని ఆస్పత్రి స్థాయిలో వెతకడం మన పరిధిలోకి రాదు. బ్యాక్టీరియా మీద నిషేధం లేదు. బ్యాక్టీరియాగా పరిగణించి తగు చర్యలు తీసుకోండి. లేదంటే అలసట నొక్కండి. అది ఎవరికైనా ఉంటుంది."

అలా నాన్న బ్యాక్టీరియా మనిషి అయ్యాడు. నాలుగు రోజులు పెద్ద పెద్ద ఇంజెక్షన్లు చేశారు. జ్వరం దిగలేదు. ఐదోరోజు డాక్టరు గారు స్కానింగ్‌లో చూస్తూ సన్నటి సూదితో కొంచెం చీము లాగారు. అది పసుపుపచ్చగా లేదు. ఉలవచారు రంగులో ఉంది. వాసన లేదు.

"చూశారా? ఇది అమీబా రంగే" అన్నారు డాక్టరు గారు.

"రంగును బట్టి నిందలు వేయడం భావ్యం కాదు" అన్నారు సూపరింటెండెంటు గారు.

చీమును ల్యాబుకు పంపారు. రెండు రోజులు పెంచి చూసినా అందులో ఒక్క బ్యాక్టీరియా కూడా మొలవలేదని కాగితం వచ్చింది. సూపరింటెండెంటు గారు దాన్ని పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే మీసం కదులుతుంది.

"చీముగడ్డలు రెండు రకాలని మీరే సెలవిచ్చారు. అవునా?"

"అవును సార్."

"అమీబా జిల్లాలో లేదు. బ్యాక్టీరియా చీములో లేదు. కాబట్టి ఈ గడ్డ ఏ రకానికీ చెందదు. ఏ రకానికీ చెందని గడ్డ ఉన్నట్టు ఎలా రాస్తాం? ఈయనకు గడ్డ లేదు. పంపించేయండి."

"సార్, ఇవాళ స్కానింగ్‌లో పదిన్నర సెంటీమీటర్లుంది. పైన పొర పలచబడిపోయింది. పగిలితే ఛాతీలోకో కడుపులోకో పోతుంది. మనిషి దక్కడు."

ఆ మాట ఆవిడ మెల్లగానే అన్నారు. కానీ నేను విన్నాను. నాన్న కూడా విన్నాడు. దుప్పటి అంచు పట్టుకుని దారం లాగుతూ ఉండిపోయాడు.

డాక్టరు గారు డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టలేదు. పెన్నులో సిరా అయిపోయిందని రెండు రోజులు చెప్పారు. మమ్మల్ని పక్కకు పిలిచి, పక్క జిల్లా ఆస్పత్రికి పంపుదామంటే ఇప్పుడు ఆ గోతుల రోడ్డు మీద కుదుపుకే గడ్డ పగలొచ్చనీ, ఎవరైనా వెళ్లి మాత్రలు తేవడమే మంచిదనీ చెప్పి, చీటీ రాసిచ్చారు.

నాన్న ఒప్పుకోలేదు. "నాను సంతకం పెట్టిన మనిషిని. లేదని నానే సెప్పి, నానే దాని మందు మింగితే నా మాటకి ఇలువేటి?"

"నీ మాట బతికి నువ్వు సస్తే నాకేటొస్తాదయ్యా?" అని అమ్మ చీటీ జాకెట్లో దోపుకుని బస్సెక్కింది.

సాయంత్రం ఉత్తచేతులతో తిరిగొచ్చింది. పక్క జిల్లాలో మాత్రలు మామూలుగా ఏ దుకాణంలోనైనా దొరికాయట. తిరిగొస్తుంటే వంతెన దగ్గర, ఆకుపచ్చ బోర్డు కింద, అమీబా మందుల తనిఖీ కేంద్రం ఉంది. బస్సు ఆపి అందరి సంచులూ చూశారు.

"ఏటన్నాడు?" అని నాన్న నీరసంగా అడిగాడు.

"ఈ మాత్రలెవరికి అన్నాడు. మా ఆయనకి బాబూ, కాలేజంలో అమీబా ఉన్నాదంట అన్నాను. ఏ జిల్లా అన్నాడు. ఈ జిల్లాయే అన్నాను. అయితే లేదు అన్నాడు. ఉన్నాది బాబూ, పదిన్నర సెంటీమీటర్లున్నాది అన్నాను. అంతుంటే సర్వేలో కనబడును కదమ్మా అన్నాడు."

నాన్న తలూపాడు. "నాయమే కదే ఆయనన్నది."

అమ్మ చేతిలో ఉన్న రసీదు నాన్న మీదకు విసిరింది. నేను తీసి చదివాను. 'స్వాధీనపరచుకొన్న సరుకు: లేని రోగమునకు మందు. వివరము: మాత్రల అట్ట ఒకటి.' ముద్ర స్పష్టంగా వేశారు.

మర్నాడు విచారణకు వేణుధరరావు గారు స్వయంగా వచ్చారు. ఒక వ్యక్తి కాలేయం జిల్లా ప్రతిష్ఠకు భంగం కలిగిస్తోందని ఆయనకు నివేదిక అందిందట. సఫారీ చొక్కా, చేతిలో ఫైలు. ఫైలులో నా దస్తూరీ ఉంది. దూరం నుంచే గుర్తుపట్టాను.

"కూర్మారావూ! ఈ ధ్రువీకరణ నీదే కదా?"

నాన్న లేచి కూర్చోబోయి కూర్చోలేక, పడుకునే చేతులు జోడించాడు. జ్వరానికి పెదాలు పొక్కిపోయి ఉన్నాయి. "నాదే బాబూ. అరగంట సూసినాను. ఒక్కటి కూడా కనబడనేదు."

"భేష్! విన్నారా డాక్టరమ్మా? రోగియే స్వయంగా ఖండిస్తున్నాడు. ఇక ఏ శాస్త్రం మాట్లాడుతుంది?"

"ఆయన కాలేయం ఖండించడం లేదు సార్" అన్నారు డాక్టరు గారు. "ఆయనకు ఈ పూట మందు పడాలి. మీ నిబంధనల్లో ఎక్కడైనా దారి ఉందేమో చూడండి."

వేణుధరరావు గారికి నిబంధనలంటే ఇష్టం. చూడమంటే కాదనలేరు. ఫైలు తెరిచి వేలు పెట్టి వెతికారు. "దారి లేకేం? పద్నాలుగో నిబంధన. 'బయటి ప్రాంతముల నుండి శరీరముతో పాటు ప్రవేశించిన అమీబాను స్థానికేతర అమీబాగా గుర్తించి చికిత్స చేయవచ్చును.' అతిథులకు ఇబ్బంది కలగకూడదని పెట్టాం. అయితే రోగి గడచిన వంద రోజుల్లో జిల్లా దాటినట్టు పత్రసహితంగా రుజువు చూపించాలి. కూర్మారావూ, ఎక్కడికైనా వెళ్లావా?"

"నానెక్కడికెల్తాను బాబూ? ట్యాంకొదిలి ఎక్కడికీ పోను."

"పెళ్లికో, చావుకో?"

"మా సుట్టాలందరూ ఈ జిల్లాలోనే పుట్టి ఈ జిల్లాలోనే సస్తారు బాబూ."

వేణుధరరావు గారు ఫైలు మూయబోయారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతమంది ముందు నోరు తెరవడం నా వల్ల కాదు. నాన్న తలగడ కింద చెయ్యి పెట్టాను. ఆస్పత్రికి వచ్చినప్పుడు నాన్న బట్టలు మర్చిపోయాడు గానీ అద్దం బిగించిన ప్రశంసాపత్రం మర్చిపోలేదు. దాన్ని లాగి డాక్టరు గారి చేతిలో పెట్టాను.

ఆవిడ పైకి చదివారు. "'అమీబా నిర్మూలనలో విశిష్ట సేవలందించినందుకు... రాజధానిలో జరిగిన సభలో...' తేదీ ఉంది. ముద్ర ఉంది. సంతకం మీదే సార్." వేళ్ల మీద లెక్కపెట్టారు. "ఎనభై మూడు రోజులు."

సత్కారానికి వెళ్లడం కూడా జిల్లా దాటడమేనని అప్పటిదాకా నాన్నకూ తోచలేదు, వేణుధరరావు గారికీ తోచలేదు.

"అక్కడ ఏం తిన్నారు కూర్మారావు గారూ? ఏం తాగారు?" అని డాక్టరు గారు అడిగారు.

నాన్న మొహం జ్వరంలో కూడా వెలిగింది. "మజ్జిగ డాట్రమ్మా! ఐసుముక్కలేసినారు. నాను మూడు గళాసులు తాగినాను. ఈ బాబు నా పక్కనే ఐదు తాగినారు. అదుగో, సూపరింటెండెంటు బాబు కూడా ఉన్నారు. ఆరికి నాలుగు."

"మూడు" అన్నారు సూపరింటెండెంటు గారు వెంటనే. "నాలుగోది సగమే తాగాను."

"మజ్జిగలో కాకపోయినా ఐసులో ఉండొచ్చు" అన్నారు డాక్టరు గారు. "అందరికీ రావాలని లేదు. వచ్చేవాళ్లకు కొన్ని వారాలకు రావచ్చు, నెలలకు రావచ్చు. కొందరికి ముందు ఏమీ తెలియదు."

వేణుధరరావు గారి కుడిచెయ్యి ఫైలు వదిలేసి మెల్లగా డొక్క మీదకు వెళ్లింది. ఆయన చూసుకోలేదు గానీ మేమందరం చూశాం. కాసేపటికి సూపరింటెండెంటు గారి చెయ్యి కూడా వెళ్లింది.

"డాక్టరమ్మా," వేణుధరరావు గారు గొంతు తగ్గించారు. "సాధారణంగా నొప్పి... మొట్టమొదట ఎక్కడ ప్రారంభమవుతుందండీ?"

"మీరు చెయ్యి పెట్టిన చోటే సార్."

రెండు గంటల్లో మందు వచ్చింది. పక్క జిల్లా నుంచి జీపులో, ముందొక మోటారు సైకిలుతో వచ్చింది. తనిఖీ కేంద్రంవాళ్లు ఆపి, ఎవరికో తెలిసి, లేచి నిలబడ్డారట. ఆ సభలో మజ్జిగ తాగిన అధికారులు ముప్పై ఎనిమిది మంది. అందరూ ఆస్పత్రికి వచ్చేశారు. స్కానింగ్ గది ముందు హోదాల వారీగా వరస కట్టారు. ఒకాయన డొక్కలో పొడుస్తోందని కూర్చున్నాడు. తీరా చూస్తే అది బెల్టు.

మాత్రలకు జాబితా తయారైంది. 'సత్కార సభకు హాజరైన అధికారులు, హోదా క్రమములో.' అందులో నాన్న పేరు లేదు. నాన్న కాంట్రాక్టు మనిషి, అధికారి కాదు.

"ముప్పై తొమ్మిదో నంబరు వేయండి" అన్నారు డాక్టరు గారు.

"ఆయన హాజరు సత్కార గ్రహీత హోదాలో. ఈ జాబితా దాతలది. ఇంకో జాబితాకు ఉత్తర్వు తెప్పించాలి" అన్నారు సూపరింటెండెంటు గారు, తన మాత్ర చేతిలో పట్టుకుని మంచినీళ్ల కోసం చూస్తూ. బల్ల మీద ఉన్న గ్లాసు ఎత్తి, లోపలికి తొంగి చూసి, మళ్లీ పెట్టేశారు.

అమ్మ ముందుకెళ్లింది. "గెడ్డున్నోడికి మందు లేదు, మందున్నోళ్లకి గెడ్డ లేదు! ఇదేటి ఆస్పత్రి బాబూ?" అంటూ ఆయన చేతిలో మాత్ర తీసుకుంది. లాక్కుంది అని రాయాలి. కానీ ఆయన పెద్దగా ఎదురు చెప్పలేదు. డాక్టరు గారు మిగతా డోసు లెక్కగట్టి, కాచి చల్లార్చిన నీళ్లతో నాన్న నోట్లో వేశారు.

నాన్న నమిలినంత పనిచేసి మొహం చిట్లించాడు. "ఇనుము నాకినట్టుంది."

"అలాగే ఉంటుంది. ఈ మందు వాడినన్నాళ్లూ కల్లు ముట్టుకోకూడదు."

"మరి మజ్జిగ?"

అమ్మ చూసిన చూపుకు నాన్న మళ్లీ అడగలేదు.

మూడోరోజు జ్వరం దిగింది. గడ్డ పెద్దది కాబట్టి డాక్టరు గారు స్కానింగ్‌లో చూస్తూ సూదితో చీము తీశారు. సీసా నిండా ఉలవచారే. పదిరోజులయ్యాక, పేగులో దాగినవి కూడా పోవాలని ఇంకో రకం మాత్రలు ఇచ్చారు. ముప్పై ఎనిమిది మంది అధికారుల కాలేయాలూ నున్నగా ఉన్నట్టు స్కానింగ్‌లో తేలింది. 'దిగుమతి అమీబాను విజయవంతముగా ఎదుర్కొన్న జిల్లా' అని పత్రికల్లో వచ్చింది. రాజధాని నుంచి కోపంగా ఉత్తరం వచ్చిందట, అమీబా తమది కాదనీ, మా జిల్లా నుంచి వచ్చిన అతిథులే తెచ్చి ఉంటారనీ. ఆ కాగితాలు ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతున్నాయి.

ఇంటికి వెళ్లే రోజు డాక్టరు గారు నా పక్కన కూర్చున్నారు.

"దమయంతీ, నువ్వే కదా ట్యాంకు రిజిస్టరు రాసేది? చివరిసారి బ్లీచింగ్ పొడి ఎప్పుడు కలిపారు?"

నేను నోటితో చెప్పలేదు. అరచేతిలో తేదీ రాసి చూపించాను. సభ జరిగిన నాలుగో రోజు. తర్వాత అన్ని వారాలూ 'పొడి రాలేదు' అని రాశాను. ఎవరూ చూడలేదు.

ఆవిడ నా చెయ్యి చాలాసేపు చూశారు. "అయితే మజ్జిగే అని గట్టిగా చెప్పలేం" అన్నారు. అంతే అన్నారు. లేచి వెళ్లి, తన సొంత చీటీ మీద కాచిన నీళ్లే తాగాలని మా ఊరందరి పేరా రాసిచ్చారు.

మేం ఊరు చేరేసరికి మా వెనకింటి పోలినాయుడు బాబాయికి చలిజ్వరం. కుడిచేత్తో డొక్క పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆయన రాజధాని వెళ్లలేదు. మజ్జిగ కూడా తాగడు.

ఆ వారమే ఫారం మళ్లీ వచ్చింది. అమీబా రహిత హోదా ఆరునెలలకోసారి పునరుద్ధరించుకోవాలట. నాన్న ఇంకా నిచ్చెనెక్కలేడు. మంచం మీద కూర్చుని పోలినాయుడు బాబాయి ఇంటివైపు చూశాడు.

"తల్లీ, ఏటడిగినాడు?"

"అమీబాలు కనబడినవా? కనబడినచో ఎక్కడ?"

"ఎక్కడని కూడా అడిగినాడా?"

"ఈసారి అడిగారు నాన్నా."

నాన్న చొక్కా ఎత్తి, సూది గుచ్చిన చోట వేలు పెట్టి చూపించాడు. "అయితే రాసీ."

నేను నా మంచి దస్తూరీలో రాశాను. 'కనబడినవి. మా నాన్న కాలేయములో, కుడివైపున, పదిన్నర సెంటీమీటర్లు.' నాన్న కింద సంతకం పెట్టాడు. ఇంతకుముందు కంటే నిదానంగా పెట్టాడు. గోడకున్న ప్రశంసాపత్రం దించి, అద్దం తుడిచి, అమ్మకిచ్చాడు. అమ్మ దాన్ని కాచిన నీళ్ల బిందె మీద మూతగా వాడుతోంది.

పది రోజులకు మెమో వచ్చింది. 'కాలేయము మంచినీటి వనరుల జాబితాలో లేదు. సవరించి పంపవలెను.' మళ్లీ అదే రాసి పంపాం. రెండో మెమో వచ్చింది. మళ్లీ అదే పంపాం. పోలినాయుడు బాబాయి కాలేయాన్ని, కుడివైపే నాలుగు సెంటీమీటర్లని, డాక్టరు గారి కాగితం చూసి అదనంగా చేర్చాం. ఆయనకు మాధురీలత గారు పద్నాలుగో నిబంధన కిందే మందిచ్చారు. జిల్లా ఎప్పుడు దాటారన్నచోట 'ప్రశంసాపత్రము గల ఇంటి వెనుక నివాసము' అని రాశారట. ముద్ర పడింది.

నాలుగో మెమోతో పాటు ఒక లారీ వచ్చి మా ట్యాంకు కింద బస్తా దించి వెళ్లింది. తెల్లటి బస్తా. దాని మీద ఎర్రటి అక్షరాలతో 'ఇది అమీబాల కొరకు కాదు' అని రాసి ఉంది. కింద వేణుధరరావు గారి సంతకం.

నాన్న జబ్బు పడ్డాక ఆ రోజే మొదటిసారి నిచ్చెనెక్కాడు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాడు. అమ్మ కింద నిలబడి ప్రతి మెట్టుకూ తిట్టింది. పొడి కలిపి, మూత వేసి, కిందికి దిగి, దేనికి కలిపినట్టు రిజిస్టరులో రాయాలని నన్నే అడిగాడు.

బస్తా మీద ఉన్నట్టే 'అమీబాల కొరకు కాదు' అని రాశాను.

ఆ తర్వాత మా ఊళ్లో ఎవరికీ డొక్కలో నొప్పి రాలేదు. పొడికి చదవడం రాదు.